కాకెంగిలి

రాత్రి పదకొండున్నర.
తిరుపతి, యూనివర్సిటీ వెనక గేటు వైపు ల్యాబు.
ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో
మూడు గాజు పళ్లేలు మేలుకోనున్నాయి
నాలాగే.

లేతగులాబి నీళ్లలో నాడీకణాలు.
పోయిన సోమవారం ఇవి ఉత్త గుండ్రని నలుసులు.
పెరుగుదల మందు చుక్క పడ్డాక
ఒక్కొక్కటీ వేలు చాపింది,
పక్కదాన్ని తడిమింది.
మైక్రోస్కోపులో చూస్తే
కరెంటు పోయినప్పుడు
చెప్పులు వెతుక్కునే కాళ్లు.

చుక్కంటే ఎంతని?
ఉప్పుగల్లును లక్ష ముక్కలు చేస్తే అందులో ఒకటి.
బెంగళూరు నుంచి మంచుపొగ డబ్బాలో వచ్చింది.
ధర చెబితే మా అమ్మ
ఆవును కొన్నారేమో అనుకుంది.
ఇంతకీ ఇది ఎందులో ఉంటుంది సార్, అని అడిగాను చేరిన కొత్తలో.
సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నారు:
"ఎలుక ఎంగిలిలో."

మొదటి పళ్లెం జోలికి పోలేదు.
రెండోదానికి మందు, మర్నాడు విషం.
మూడోదానికి విషం, మర్నాడు మందు.

విషమంటే
నాగపూర్ రోడ్డు డాబాల్లో
టీతో పాటు చేతిలో పెట్టే
తెల్లబిళ్లకు దగ్గరి చుట్టం.

చెంగల్రాయుడు నా తమ్ముడు.
దామలచెరువు మండీలో తోతాపురి ఎత్తితే
రెండు రాత్రులు, నడుమ ఒక పగలు, స్టీరింగే.
"నేను పండుకుంటే కాయ పండిపోతాదక్కా"
అని నవ్వేవాడు,
నోట్లో ఏమీ లేకుండానే దవడ నములుతా.
నాలుగు మామిడి సీజన్లు.
ఈ యేడు ఓనరు తాళాలు లాక్కున్నాడు.
ఇప్పుడు చిత్తూరులో, చిన్నమ్మ వాళ్ల మిద్దె మీద,
నీళ్ల ట్యాంకు నీడను చూసి
ఎవురో వచ్చినారు, లైటెయ్యమంటాడు.
టీ గ్లాసు నోటి దాకా పోయేసరికి సగముంటుంది.

ఎనిమిదేళ్లప్పుడు కొడవలి తగిలి
వాడి బొటనవేలు తెగితే
నేనే నోట్లో పెట్టుకున్నాను.
తుప్పు రుచి.
ఎందుకలా చేశానో అప్పుడు తెలీదు,
ఎలుకలకూ తెలీదు.
కాయ ఒకటే దొరికిన రోజు
గౌను అంచు కప్పి కొరికి
కాకెంగిలి చేసి ఇస్తే
"గుడ్డ తీసి కొరుకు, నాకేం గాదులే" అనేవాడు.

రెండోది లెక్కపెట్టాను: నూటికి డెబ్బై ఎనిమిది.
చాపిన వేళ్లు చాపినట్టే ఉన్నాయి.
మూడోదాంట్లో ఎక్కువ భాగం
వేళ్లు ముడుచుకుని
మళ్లీ సోమవారం నాటి నలుసులు.
కొన్ని ఊడి తేలుతున్నాయి.
నోట్‌బుక్‌లో రాశాను: ముందు ఇస్తేనే.
రాసి, చూస్తూ కూర్చున్నాను.
మందుకూ ముందుకూ
ఒక్క కొమ్మే తేడా.

రూలు ప్రకారం మూడో పళ్లెం
బ్లీచింగులో పారబోయాలి.
మూలన ఒక కణానికి
ఒక్క పోగు మిగిలుంది, సగం తెగి.
లేబుల్ పీకేసి
పళ్లెం తిరిగి వెచ్చటి పెట్టెలో పెట్టాను.
ఇది ప్రయోగం కాదు. రేపు తిట్లు తింటాను.

నాలుగున్నరకు చిత్తూరు మొదటి బస్సు.
చెయ్యి మూడుసార్లు కడుక్కున్నా
స్పిరిట్ వాసన పోలేదు.
సంచిలో దోరకాయ, ఒకటే.
వాడి ముందర కూర్చుని
ఈసారి చున్నీ కప్పకుండా కొరుకుతాను.