చెట్టుకొకటి, పుట్టకొకటి

ఈ మట్టిని వాషింగ్టన్ తెచ్చాడు,
రోచా దగ్గర ఎండిపోయిన మడుగులోంచి
పాత పెయింటు డబ్బాలో.
పేరుకే వాషింగ్టన్,
ఉరుగ్వే పొలిమేర ఎన్నడూ దాటలేదు.
"ఇందులో చేపలేవమ్మా?" అంటాడు ఏటేటా.
వేలితో కెలికి చూపిస్తాను:
ఆవగింజంత గుడ్డు, గాజుపూసలా.
తల్లిచేప ఎండకి ఎప్పుడో పోయింది.

మాంటెవిడియోలో జూలై అంటే చలి.
ప్రయోగశాలలో ఉన్నది ఒక్కటే హీటరు,
దాన్ని గుడ్లకిచ్చాం.
శాలువా కప్పుకుని, చల్లారిన మాతే కషాయం పీలుస్తూ
సూక్ష్మదర్శినికి కన్ను ఆనిస్తాను.

మొదట్లో కణాలన్నీ
పచ్చసొన నెత్తిన ఒకే కుప్ప.
వాటిపైన పలచటి పొర
సొన మీదుగా కిందికి పాకుతుంది,
అంచులు పట్టి పిండిని సాగదీసినట్టు.
ఎటు పోవాలో లోపలివాటికి తెలియదు.
పొర అతుకుల దగ్గర కాడ్‌హెరిన్ అనే ప్రోటీను ఉంటుంది.
పుస్తకాల్లో దాన్ని అణువు అంటారు,
నేను చేయి అంటాను.
అది పట్టుకుని వేలాడతాయి.
పొర పోతుంది, అవీ పోతాయి.

తరువాత ఏమవుతుందో,
చెట్టుకొకటి, పుట్టకొకటి.
గుడ్డంతా ఖాళీ,
ఇక్కడో చుక్క, అదుగో అక్కడో చుక్క.
తల లేదు, వెన్ను లేదు,
అసలు ముందేదో వెనకేదో లేదు.

హెరోనిమో ఈ వారమే చేరాడు.
ఇరవై రెండేళ్ళు, ముత్యాల్లాంటి చేతిరాత.
గాజు పళ్ళెం మీద "చనిపోయినవి" అని రాసి
తేదీ వేసి
సింకు దాకా పోయాడు.
అప్పుడే నీళ్ళొదులుకోకురా, అని
చేతిలోంచి లాక్కున్నాను.
వాడి వేళ్ళు వణికాయి. నావీ.

కుర్చీ లాక్కో. ఆ మూలదాన్ని చూడు.
ఒక పక్క బుడగలా ఉబ్బింది కదా,
అదే దాని ముందడుగు.
వెనకవైపు ఆక్టిన్ పోగుల్ని
మయోసిన్ పట్టి లాగుతోంది,
సంచి మూతి తాడు బిగించినట్టు.
ముందు ఉబ్బు, వెనక బిగువు,
అంతే, దాని నడక.
ఇంకోదానికి తగిలింది. ఆగింది.
ఏమనుకుందో, తన దారిన తాను పోయింది.

నాలుగు రాత్రులు వంతులేసుకున్నాం.
వాడికి నిద్రమత్తు, నాకు మోకాలి నొప్పి.
ఐదో తెల్లవారుజామున
రెండు తగిలాయి, విడిపోలేదు.
మూడోది వచ్చి ఆనుకుంది.
మధ్యాహ్నానికి చిన్న మబ్బు మరక,
దీపాలు వేసేసరికి దానికో పొడవు.
"వెన్నేనా?"
ఇంకా కాదు. కానీ అటే.

పక్క పళ్ళెం సంగతి అప్పటిదాకా చెప్పలేదు.
వాటిలో, పొర పరుచుకున్నాక,
సూదితో మందెక్కించి కాడ్‌హెరిన్‌ని ఆపేశాను,
నేనే, పోయిన వారం.
ఆక్టిన్ ఉంది, మయోసిన్ ఉంది,
నడక చక్కగా ఉంది.
ఎదురుపడతాయి. రాసుకుని పోతాయి.
మళ్ళీ ఎదురుపడతాయి.
పట్టు దొరకదు.

హెరోనిమో చాలాసేపు దాన్నే చూశాడు.
కన్ను తీయకుండానే అడిగాడు:
"వీటికోసం ఎన్నాళ్ళు చూస్తాం?"
శుక్రవారం దాకా, అన్నాను.

శుక్రవారం ఆ పళ్ళెం వాడే కడిగాడు.
రెండోసారి కూడా కడిగాడు.
తరువాత మొదటిదాని మీద
ముత్యాల్లాంటి ఆ ఒక్క మాట కొట్టేసి,
కింద ఏం రాయాలో తోచక
తేదీ మాత్రం వేశాడు.