ఒకే ఒరలో

మేఘానికి కూడా ఒక చిరునామా ఉంటుంది.
మాది ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉందన్నారు.
మేమున్నది నరీన్‌లో,
జనవరిలో పెన్నులో సిరా గడ్డకట్టే ఊళ్ళో.
మధ్యన దొలొన్ కనుమ.

ఆసుపత్రి కింది గదిలో
బీరువాలంత సర్వర్లు రెండు.
వాటిలో నలభై టెరాబైట్ల మనుషులు:
ఎక్స్‌రేలు, పురుళ్ళు, అతకని మోకాళ్ళు,
గుర్రం మీంచి పడినవాళ్ళు వేరే, గుర్రం తన్నినవాళ్ళు వేరే.
ఫ్యాను మోతలో ఈమధ్య ఒక దగ్గు చేరింది.

కాగితం మీద లెక్క వేశాను.
లైను ఒక్క క్షణం కూడా తెగకపోతే
పంతొమ్మిది రోజులు.
కొండ వింటే నవ్వుతుంది.

"రెండు లైన్లున్నాయి కదా" అన్నాడు డైరెక్టరు.
నిజమే. రెండు కంపెనీలు, రెండు బిల్లులు,
మ్యాపులో ఒకటి నీలం, ఒకటి ఎరుపు.

పొక్లెయిన్ నడిపే సగిన్ టీకని వచ్చాడు.
చక్కెర ముక్క బుగ్గన పెట్టుకుని
మ్యాపు వంక కాసేపు చూశాడు.
"ఆ రెండూ నేనే పాతాను.
వంతెన దగ్గర బండ తగిలింది.
మళ్ళీ తవ్వే ఓపిక ఎవరికుంది?
ఒకే గొట్టంలో తోసేశాం."

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
రెండు కేబుళ్ళు మాత్రం
ఆరేళ్ళుగా హాయిగా ఇమిడిపోయాయి,
మేం రెండు బిల్లులూ కడుతూనే ఉన్నాం.

ఆ సాయంత్రం వంతెన దాకా నడిచాను.
కమ్మీల పక్కన నల్ల గొట్టం,
దాని మీద ఎండిన కాకి రెట్ట.
జిల్లా జబ్బులన్నీ ఇందులోంచి పోవాలి.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని పెద్దల మాట.
నా ఉద్యోగమే అది.
పైగా ఆ రెండు పడవలూ
ఒకే తాడుకి కట్టి ఉన్నాయేమోనని
వంగి చూడటం.

బరువునంతా రోడ్డెక్కించాం.
డిస్కులు ఊలు కంబళిలో చుట్టుకుని
తాలాయ్ జీపులో కనుమ దాటాయి.
వాటి జంట వారం తర్వాత, వేరే కారులో.
రెండూ ఒకేసారి పంపితే పెట్రోలు కలిసొస్తుందన్నారు.
నేను వంతెన పేరెత్తాను.
ఇంకేం మాట్లాడలేదు.

అవి దారిలో ఉండగానే
ఇక్కడ పిల్లలు పుడుతూనే ఉన్నారు.
పుట్టిన ప్రతి బిడ్డా చిట్టాలో ఒక కొత్త వరస.
పాతదంతా ఆలస్యంగా చేరినా ఫరవాలేదు,
ఈ వరసలకు దారి తెగకూడదు.
అందుకని గుట్ట మీద ఒక డిష్ నిలబెట్టాం.
పీలగొంతు దానిది.
కానీ నది దాటడానికి వంతెనని అడగదు.

"వాడని దానికి నెలనెలా డబ్బా?"
అకౌంటెంట్ కెంజెగుల్ చేతిలో ఎర్ర పెన్సిల్ ఉంది.

అంతా మేఘంలోకి మారిన నాలుగో రాత్రి,
ఏప్రిల్‌లో, మంచు కరిగి చరియ జారింది.
వంతెన నిలిచింది. గొట్టం పోయింది.
నీలం, ఎరుపు, రెండు దీపాలూ
ఒకే నిమిషంలో ఆరాయట.
అట, ఎందుకంటే నేను నిద్రపోతున్నాను.

ఆ వేళ నర్సు జిపార
ఒక ముసలాయన పేరు కొట్టింది.
తెర కాస్త తటపటాయించి
ఎర్రక్షరాల్లో చెప్పింది: పెన్సిలిన్ పడదు.
ఆమె చేతిలో సీసా పక్కన పెట్టి
ఇంకోటి తీసింది.

పొద్దున్న అడిగాను, రాత్రి ఎలా ఉందని.
"నెట్టు కొంచెం మందంగా ఉంది.
లేదా నాకే నిద్రేమో."

ఇప్పుడు సగిన్ నదికి అవతలి గట్టున తవ్వుతున్నాడు.
బండలు తగులుతున్నాయి, తిడుతున్నాడు, తవ్వుతున్నాడు.
కెంజెగుల్ పుస్తకంలో ఆ ఏడాది పద్దు:
డిష్. వాడకం, తొమ్మిది గంటలు.
పక్కనే ఎర్ర పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం.

దాన్ని చెరపమని నేనడగలేదు.