గేజి పుస్తకం

ఆపరేషన్‌కి ముందు రాత్రి
మీరావలి నన్నడిగింది ఒకటే.
"గుండె ఆపేశాక రక్తం ఎవరు తిప్పుతారమ్మా?"
"నేనే."
మంచం మీద లేచి కూర్చుని
పైనుంచి కిందికి చూశాడు నన్ను,
కొత్తగా డ్యూటీకొచ్చిన లస్కర్ని చూసినట్టు.

ముప్పై రెండేళ్ళు బ్యారేజీ మీద మనిషి.
గేట్లెత్తడం, దించడం,
గంట గంటకీ నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం.
"ఎత్తడానికేముంది, మోటారెత్తుద్ది.
ఎంత ఎత్తాలో, దానికే నిద్దరుండదు" అన్నాడు.
ఆ వెంటనే
పొద్దున టీ అయినా ఇవ్వరా అనడిగాడు.

ఏడున్నర. సూర్యారావుపేట.
మందుల షాపుల షట్టర్లు లేచే చప్పుడు
ఈ గదిలోకి రాదు.
నా పంపు, ఏసీ,
మాస్కు వెనక నుంచి సర్జన్ గారి ఒకే మాట: "ఎంత?"

హెపారిన్ వెళ్ళింది.
గడ్డకట్టడం అనే అలవాటును
రక్తం కాసేపు మరిచిపోవాలి.
"ఎంత?"
మూడొందల పది.
"ఇప్పుడు?"
ఆగండి. నాలుగొందల ఎనభై సెకన్లు దాటందే
నా గొట్టాల్లోకి ఆయన్ని రానివ్వను.
తొందరపడితే ప్లాస్టిక్ గోడల మీద
రక్తం మీగడ కడుతుంది.
ఐదొందల ఇరవై.
"రండి" అన్నాను.
ఎవర్ని పిలిచానో నాకే తెలీదు.

నూటపన్నెండు నిమిషాలు ఆయన గుండె పని చేయలేదు.
ఛాతీలో ఒలికిందంతా పీల్చి, కడిగి,
మళ్ళీ ఆయనకే పంపాను.
బియ్యం కడిగిన నీళ్ళు కూడా
పారబోయనివ్వని అమ్మమ్మ చేతిలో పెరిగినదాన్ని.

కొత్త కవాటం కూర్చుంది. గుండె కదిలింది.
హెపారిన్‌కి విరుగుడిచ్చారు.
ఆ మందు చేపల నుంచి తీస్తారని చదివాను.
ఏటిపక్క మనిషి, పడకపోతుందా.
నూటపద్దెనిమిది. అంకె బాగుంది.
ఛాతీ మాత్రం చెమర్చడం మానలేదు.

గండి పడితే చెయ్యి అడ్డం పెట్టొచ్చు.
ఇది ఊట.
దూది పెడితే ఎరుపు, తీస్తే ఎరుపు.

కింద అల్లుడు జానీబాషా
ఆటోనగర్ నుంచి ఆరుగుర్ని పట్టుకొచ్చాడు,
లేత్ షాపు కుర్రాళ్ళు, గోళ్ళలో గ్రీజు.
"నాలుగు సంచులు ఎక్కించేద్దాం" అన్నాడు అసిస్టెంటు.
"పది నిమిషాలివ్వండి" అన్నాను.
నా గొంతు నాకే అరువు గొంతులా వినపడింది.

బుల్లి గిన్నెలో ఆయన రక్తం ఊగుతోంది.
తెర మీద ఒక గీత.
రక్తం చిక్కబడే కొద్దీ గీత రెండుగా విడిపోవాలి,
దొర్లిపడ్డ చెంబులా పొట్ట విచ్చుకోవాలి.
ఈ గీత పొట్లకాయలా సన్నగా సాగింది.
ఇటుకలున్నాయి, సున్నం లేదు.
ఎర్ర సంచులు ఎన్ని పోసినా
ఈ గోడ నిలవదు.

ఫ్రీజర్లోంచి క్రయో తెప్పించారు.
చిన్న సంచులు, ఎనిమిది,
గోరువెచ్చటి నీళ్ళలో కరిగేదాకా
ఎవరూ మాట్లాడలేదు.
ఊట ఎప్పుడాగిందో చూసినవాళ్ళు లేరు.
ఒక దూది తెల్లగా వచ్చింది, అంతే.

ఆరుగుర్నీ వెళ్ళిపొమ్మంటే
ఒక కుర్రాడికి కోపమొచ్చింది.
"రక్తమిస్తామని పొద్దున్నే ఆరు ఇడ్లీలు తిన్నా.
సగం రోజు కూలీ పోయింది."
వాడి రక్తం వాడిలోనే ఉండి
బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర
పచ్చలైటు కోసం హారన్ కొట్టి ఉంటుంది.

ఇప్పుడు మీరావలి నెలకోసారి వస్తాడు.
లోహపు కవాటం, జీవితాంతం మాత్ర.
పల్చబడాలి, మరీ పల్చబడకూడదు.
"రాత్రిళ్ళు టిక్కుటిక్కంటంది.
మా ఇంటామె గడియారం తీసి వంటింట్లో పెట్టింది,
అయినా ఆగలేదంట."

ఈసారి ఒకటి పాయింట్ ఆరు.
రెండున్నర ఉండాల్సింది.
"ఏం తిన్నారు?"
పలకలేదు.
సంచిలోంచి పొడుగాటి రిజిస్టర్ తీశాడు,
బ్యారేజీలో వాడినలాంటిదే.
తేదీ. గంట. మట్టం. రిమార్కులు.
మట్టం కింద వరసగా
రెండు పాయింట్ ఎనిమిది, మూడు, రెండు పాయింట్ ఏడు.
ఇవాళ్టి అంకె నిదానంగా దిద్దాడు.
రిమార్కుల గడి దగ్గర పెన్ను ఆగింది.
చాలాసేపు ఆలోచించి,
పరీక్షల్లో పిల్లాడిలా చెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు.

తలకిందులుగా చదివాను:
"ఎగువ నుంచి గోంగూర."