ఎవరిని?

తొమ్మిదో తరగతి, బి సెక్షన్, ఎనుమాముల బడి.
బోర్డు మీద 'అమ్యూజ్' అని రాసిన.
నవ్వించు, పొద్దుపుచ్చు, వినోదపరచు.
మూడో మాట నా నోట్లనే ఒగరైంది.
ఇంట్ల ఎవలన్నా
"జర నన్ను వినోదపరచు" అంటరా?

హమాలి మొగిలి బిడ్డ స్వరూప లేచింది.
"టీచర్, మస్కిరి చేసుడు అనొచ్చా?"
అనొచ్చు బిడ్డా, కానీ మస్కిరి కొంచెం గిచ్చుతది.
ఇది గిచ్చది.
చక్కిలిగిలి పెట్టి చెయ్యి తీస్కుంటది.
కడుపు పట్టుకునేటంత నవ్వు దీనికి అక్కెర లేదు,
పెదవి ఒక పక్కకు లేస్తే చాలు.

ఇంకోటి. ఇది ఒంటరిగ నిలవడదు.
'ఐ అమ్యూజ్' అని ఆగితే
వాక్యం ఒంటికాలి మీద ఉంటది.
ఎవరిని? అని అడగాలె.
తెలుగు సారు దాన్ని కర్మ అంటడు,
పిల్లలు నుదురు గీసుకోని నవ్వుతరు.
ఎవరూ దొరక్కపోతే
నిన్ను నువ్వే నవ్వించుకోవాలె,
దానికి 'మైసెల్ఫ్' అని ఒక తోక.
"సెల్ఫీ లెక్కనా?" అన్నడు వెనక బెంచి నుంచి రాజమౌళి.
అట్లనే అనుకో.

తెల్లారి నలభై మూడు నోటుబుక్కులు.
ముప్పై ఎనిమిదింట్ల
జోకరు పిల్లలను నవ్వించిండు,
గైడుల ఉన్న జోకరే.
స్వరూప బుక్కుల మాత్రం, వంకర ఇంగ్లీషుల:
పత్తి మా నాన్నను నవ్విస్తది.

ఎర్రపెన్ను మూత తీసిన. మళ్ల పెట్టిన.

సాయంత్రం మార్కెట్ తోవలనే పోయిన.
జెండా పాట ఎప్పుడో అయిపోయింది.
తేమ ఉందని ఎవలిదో బండి పక్కకు పెట్టిన్రు,
ఆ రైతు బీడీ పట్టుకోని కూసున్నడు,
ముట్టియ్యకుంట.
మొగిలి వీపు మీద బోరెం.
మీసాలల్ల, కనుబొమ్మలల్ల,
చెవి వెంట్రుకలల్ల దూది.
ఒక్క పోగు ముక్కు కాడ ఎగురుతాంది.
రెండు చేతులూ బోరానికే ఇచ్చిండు, తియ్యలేడు.
ఫూ అంటడు. పోతది.
ఊపిరి పీలుస్తడు. వస్తది.
ఫూ.
నడుసుకుంటనే, ఆ బరువు కిందనే,
ఒక్కడే కిసుక్కున నవ్విండు.

నేను చూసిన్నని చూసి సిగ్గుపడ్డడు.
"ఏం లేదు మేడం,
పొద్దంత దీనితోని గిదే లొల్లి."

ఇంటికొచ్చి స్వరూప వాక్యానికి
ఒక 'ఎస్' కలిపిన, అంతే.
పత్తి ఏకవచనమేనట.
వ్యాకరణం అట్లనే అంటది.
నా చీర కొంగు దులిపితే
నమ్మబుద్ధి కాలే.