బూట్ల డబ్బాలో పావురాలు

క్లబ్బు వాళ్ళు మూడు క్యాసెట్లు చేతిలో పెట్టి
ఏది మేలో తేల్చుకు రమ్మన్నారు.
మూడూ కార్డులు దాచిపెట్టే ప్రోగ్రాములే.
ధర ఇంచుమించు ఒకటే,
అట్టల మీది గొప్పలే వేరు.

పోల్చడానికి సరుకుండాలిగా!
నా బతుకులో పట్టుమని పది కార్డులకు సరిపడా సంగతుల్లేవు.
కంప్యూటర్ని పాత పిల్లల బండిలో పడుకోబెట్టి
పైన దుప్పటి కప్పి
కత్‌బర్ట్ రెయిన్ ఇంటికి తోసుకెళ్ళాను.

డరమ్ తీరం. సమ్మె ఓడిపోయిన ఏడాది.
కిటికీ అద్దాల మీద సముద్రపు ఉప్పు,
పెరట్లో ఆకుపచ్చ రంగేసిన పావురాల గూడు.
ఎందుకని ఆయన అడగలేదు.
అలమర మీంచి బూట్ల డబ్బా దించాడు:
తొమ్మిదో నంబరు, గని బూట్లు.
లోపల రెండొందల పన్నెండు కార్డులు,
కార్డుకో పావురం.

మొదటి ప్రోగ్రాము మర్యాదస్థురాలు.
పేరుకి పన్నెండు గళ్ళు, రంగుకి ఎనిమిది.
కార్డు మీద పెన్సిల్‌తో ఇలా ఉంది:
"స్లేటు నీలం, మెడ దగ్గర తడిసిన బొగ్గు నిగనిగ."
నేను కొడుతుంటే
నీలం దాకా కూడా రానివ్వకుండా
బీప్‌మని గొంతు పట్టుకుంది.
"సగం రంగు పావురం నా దగ్గర లేదమ్మాయ్"
అన్నాడాయన, టీ కలుపుతూ.

రెండోది వరసలు పెట్టడంలో అసాధ్యురాలు.
వయసు వరస, వేగం వరస, గెలిచిన కప్పుల వరస,
చిటికెలో పేర్చి చూపిస్తుంది.
దాని చివరి గడి: తిరిగొచ్చిందా?
అవును, కాదు. రెండే మీటలు.
డబ్బై తొమ్మిదిలో ఫ్రాన్స్ నుంచి వదిలిన ఒక ఆడపావురం దగ్గర
ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.
"దానికి ఏదీ నొక్కకు."
కర్సర్ రెప్పలు కొడుతూనే ఉంది.
ఏదో ఒకటి చెబితే తప్ప
తర్వాతి కార్డుకి పోనివ్వదట.

మూడోది బద్ధకస్తురాలు. గళ్ళుండవు,
నీ ఇష్టం, ఎంతైనా రాసుకో అంటుంది.
ఏ మాటనైనా వెతికిపెడుతుంది,
కాకపోతే టేపు చివరిదాకా తిరగాలి, నాలుగు నిమిషాలు.
ఊరికే పరీక్షిద్దామని
'తడిసిన బొగ్గు' అని కొట్టాను.
టేపు కీచుమంటూ కదిలింది.
ఆయన వెళ్ళి గూట్లో గింజలు చల్లి,
నీళ్ళు మార్చి, చేతులు కడుక్కుని వచ్చాడు.
అప్పటికి తెర మీద రెండు కార్డులు.

ఒకటి, డబ్బై తొమ్మిదిలో పోయింది.
రెండోది ఎనభై మూడు, నవంబరు:
"పరాయిది. కాలి ఉంగరం ఎవరో కత్తిరించారు.
మెడ దగ్గర తడిసిన బొగ్గు నిగనిగ.
ఏడో గూట్లోకి తనే నడిచి వెళ్ళింది."

నేను ఆయన వైపు చూశాను.
ఆయన తెర వైపు చూడలేదు.
"తెలుసు," అన్నాడు.
"నాలుగేళ్ళు ఎక్కడున్నావని
దాన్ని నిలదీయడం బాగుండదు.
కొత్త చుట్టంలా వచ్చింది,
కొత్త కార్డు రాశాను."

అంతలో కరెంటు మీటర్లో బిళ్ళ అయిపోయి
తెర నల్లబడింది.
సాయంత్రమంతా కొట్టినవన్నీ ఒక్కసారే ఎగిరిపోయాయి,
ఇవి తిరిగొచ్చే జాతివి కావు.
చీకట్లోనే ఆయన తడుముకుంటూ
డబ్బాకి మూత పెట్టిన చప్పుడు.

రిపోర్టు రాసిచ్చాను.
వేగం, జ్ఞాపకం, వాడుకలో సుఖం,
ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులు.
మూడోదానికి వేగంలో రెండే వేశాను, న్యాయంగానే.
అడుగున ఒక వాక్యం కలిపాను:
పావురం రంగుకి ఎనిమిది గళ్ళు చాలవు అని.

అచ్చులో అది లేదు.
చోటు చాలక తీసేశామన్నారు.