వత్తుకు కూడా రంగు పడుతది

ఆదివారం రాత్రి ఎనిమిది దాటి ఐదు నిమిషాలకు
నయీంనగర్ల మా గది తలుపు మూసుకుంటది.
నౌషీన్ రెండు ఫోన్లూ బియ్యం డబ్బాల పెట్టి మూత బిగిస్తది.
రెండు గంటలు, ఐదు లెక్కలు.
మొదటిది పదకొండు నిమిషాల్లో పోయింది.
రెండోది, కాజీపేట దిక్కు గూడ్సు బండి
కూత పెట్టి దాటేలోపు.
మూడోది
నలభై రెండు పరీక్షలు గెలిచొచ్చి
నలభై మూడో దాని ముందు కూలబడ్డది.
ఎక్కడ బోల్తా కొట్టిందో చెప్పరు.
తప్పు అంటరు, అంతే, ఎర్రగ,
మార్చి నెల ఏనుమాముల పోయే మిర్చి లారీలంత ఎర్రగ.

ఎండకాలం ఓపెన్‌సోర్సు ప్రోగ్రాంకు దరఖాస్తు పెట్టాలె.
దానికి ముందుగాల
ఎవరిదో కోడ్‌ల ఒక తప్పు దిద్ది చూపాలె.
నెల నుంచి వెతుకుతున్న.
దొరికిన తప్పులన్నీ అప్పటికే ఎవరో పట్టేసుకున్నయి,
బస్సు సీటు మీద దస్తీ ఏసినట్టు.

పొద్దుగాల మెస్ ముందట లొల్లి.
కొత్త బోర్డు, అక్షరానికి నలభై రూపాయలు.
"స్వర్ణ మెస్. నాలుగు" అని స్వరూపక్క వేళ్లు చూపింది.
"ఆరు" అన్నడు యూనుస్ భాయ్, చెవి సందున కుంచె.
"వత్తుకు కూడా రంగు పడుతది గద!"

ఇడ్లీ పక్కకు జరిపి ల్యాప్‌టాప్ తెరిచిన.
ఆ రెండు మాటలే ఇచ్చి
లెక్కపెట్టుమన్న.
పదకొండు అన్నది.
పొల్లును లెక్కేసింది, ఎత్వాన్ని లెక్కేసింది,
మాటల నడుమ ఖాళీని కూడా ఇడిచిపెట్టలే.
యూనుస్ భాయ్ తొంగి చూసి మురిసిపోయిండు:
"గిది నాకన్న పెద్ద పెయింటర్!"

నాకు మాత్రం ఇడ్లీ గొంతు దిగలే.
తప్పు దొరికింది.

ఇరవై ఏడు లైన్లు. మూడు రాత్రులు.
తొమ్మిదో రోజు ఎక్కడో తెల్లారిన దేశం నుంచి
ఒక పొడి మాట వచ్చింది: పరీక్షలేవి?
రాసిన.
సర్వపిండి, నాలుగు.
పద్మాక్షిగుట్ట, ఐదు.
స్త్రీ, ఒకటి.
ఆ చివరిదాన్ని పాత కోడ్ ఆరు ముక్కలు చేసేది.
నౌషీన్ చదివి, ఏమనకుండ,
నా కప్పుల మిగిలిన చాయ్ తాగేసింది.

మే నెల జాబితా వచ్చింది. కిందికి జరిపి,
మళ్ల పైకి జరిపి చూసిన. నా పేరు లేదు.
నా ఇరవై ఏడు లైన్లు మాత్రం వాళ్ల కోడ్‌ల కలిసిపోయినయి,
అందుల రెండింటిని ఎవరో ఇంకా మంచిగ మార్చిన్రు.

బోర్డు బేరం ఐదు అక్షరాల కాడ తెగింది.
రోజూ అన్నానికి పోయినప్పుడు చూస్త.
యూనుస్ భాయ్ మాట తప్పలే:
వ వత్తుకు నిండుగ రంగేసిండు,
ణ వత్తుకు గీతలు గీసి
లోపల ఖాళీగ ఇడిచిపెట్టిండు.

నలభై మూడో పరీక్షల ఏమున్నదో
ఇంకా తెల్వలే.
ఇయ్యాల ఆదివారం. బియ్యం డబ్బా మూత
నౌషీన్ చేతుల ఉంది.