పదిహేను గ్రాములు

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో షట్టర్లు లేవవు.
వాటి ముందు మెట్ల మీద, పాత పుస్తకాల పక్కనే
వహీదుద్దీన్ ఎర్ర మఖ్మల్ గుడ్డ పరుస్తాడు.
"ఆపా, మీ గోధుమ కంకి వచ్చింది" అంటాడు,
ఊరినుంచి చుట్టం దిగినట్టు.

ముప్పై ఒక్క ఏళ్ళు తూనికల కొలతల శాఖలో చేశాను.
రేషన్ షాపుల్లో కాటా కింద అంటించిన అయస్కాంతాలు పీకాను.
అడుగు తొలిచిన కిలో రాళ్ళకు పంచనామాలు రాశాను.
రిటైరయ్యాక బంగారం కొనుక్కోమన్నారు అందరూ.
నేను తిండి బొమ్మ ఉన్న వెండి కొన్నాను.

ఏ దేశానిదైనా సరే.
వరి వెన్ను, చేప, మొక్కజొన్న పొత్తు,
నెత్తిన గంపతో పేరులేని మనిషి.
అంచు చుట్టూ నాకు రాని లిపిలో
అందరికీ అన్నం అని ఉంటుందట.

చేతులు మారని నాణేనికి ధర ఎక్కువ.
అంటే అది ఎన్నడూ బజారుకు పోలేదు,
సోలెడు నూకలైనా తేలేదు.
ఈ మాటంటే వహీద్ నవ్వి
రెండొందలు తగ్గించాడు.

నిద్ర పట్టని ఓ రాత్రి త్రాసు దించాను.
ఒక పళ్ళెంలో నాణెం,
రెండోదాంట్లో సోనామసూరి, చిటికెడు చిటికెడుగా.
ముల్లు నిలబడ్డాక గింజలు లెక్కపెట్టాను.
రెండుసార్లు తప్పి మళ్ళీ మొదలుపెట్టాను.
పదమూడు వందల పన్నెండు.
వండితే పెద్దవాళ్ళకు ఒక ముద్ద,
పిల్లలకు మూడు.

సెల్లార్‌లో వాచ్‌మన్ ఆశప్ప ఉంటాడు, నారాయణపేట దిక్కు మనిషి.
వాళ్ళ పిల్లకు ఆరో నెల.
భార్య బుగ్గమ్మ మెట్లెక్కి వచ్చింది:
"మేడమ్, ఎండి గిన్నె ఏమన్న ఉంటే గంటసేపు ఇయ్యరా,
బువ్వ ముట్టిస్తం."
గిన్నె లేదు నా దగ్గర.

కత్తెర తెచ్చాను.
టంకసాల వేసిన సీలు
పాలప్యాకెట్ తెగినంత సులువుగా తెగింది.
పరమాన్నంలో కంకి మునిగింది.
పిల్ల చప్పరించి, మొహం చిట్లించి,
మళ్ళీ నోరు తెరిచింది.

వహీద్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.
"దాగ్ పడింది ఆపా, సగం ధర పోయింది.
కడిగిమ్మంటారా?"
వద్దన్నాను.

కంకి గింజల సందుల్లో బెల్లం ఆరిపోయి ఉంది.
ఇంటికొచ్చి అవే బియ్యంతో మళ్ళీ తూచాను.
ముల్లు వెంట్రుకవాసి
నాణెం వైపు వాలింది.